నూట అరవై సెకన్లు

(విశాఖపట్నం బీచ్ రోడ్డులో రోజూ పొద్దున్నే నడిచే మిత్రులు ఏర్పాటు చేసుకున్న సమావేశంలో ఒక విశ్రాంత ఫిజిక్స్ లెక్చరర్ చేసిన ప్రసంగం. మాట తీరు అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. మైకు కొంచెం కిందికి దించుతానండీ, నా ముందు మాట్లాడినవారు పొడుగు.

మీలో చాలామందిని నేను రోజూ చూస్తాను. సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర నేను పరిగెత్తుతూ, రొప్పుకుంటూ వస్తుంటే పక్కకి జరిగి దారిస్తారు. కొందరు "ఎందుకు మాస్టారూ ఈ వయసులో?" అంటారు. నేను ఆగి జవాబు చెప్పే స్థితిలో ఉండను కాబట్టి, ఇవాళ కుర్చీ వేసి మరీ అడుగుతున్నారన్నమాట.

నడిస్తే చాలదా అంటే, చాలుతుంది. ఆరోగ్యానికి నడక చాలు, ఆ మాట ముందే ఒప్పేసుకుంటున్నాను. నేను పరిగెత్తేది ఆరోగ్యం కోసం కాదు, ఒక అంకె కోసం. మారథాన్ దూరం 42.195 కిలోమీటర్లు. దాన్ని 4 గంటల లోపు పూర్తి చెయ్యాలి. రన్నర్లు సబ్ ఫోర్ అంటారు. లెక్క వేస్తే కిలోమీటరుకి 5 నిమిషాల 41 సెకన్లు. ఒకటి కాదు, నలభై రెండు కిలోమీటర్లూ అలాగే.

మావాడు ఒకసారి అడిగాడు, "నాన్నా, నాలుగు గంటల ఒక్క నిమిషమైతే కొంపలేం మునుగుతాయి?" అని. ఏవీ మునగవు. కానీ నేను ముప్పై అయిదేళ్ళు ఇంటర్ పేపర్లు దిద్దినవాణ్ణి. 35 వస్తే పాస్, 34 వస్తే ఫెయిల్. ఆ ఒక్క మార్కు ఎంత అన్యాయమైనదో నాకు తెలుసు. ఆ ఒక్క మార్కే లేకపోతే పిల్లలు పుస్తకం తెరవరనీ తెలుసు. నేనూ అంతే. అంకె లేకపోతే ప్రతిరోజూ "బాగానే పరిగెత్తానులే" అనుకుని ఇంటికొచ్చేస్తాను.

ఇంకో అంకె చెప్తాను. 1896లో ఏథెన్స్‌లో మొదటి ఆధునిక ఒలింపిక్స్ జరిగాయి. మారథాన్ గెలిచినవాడు స్పిరిడాన్ లూయిస్ అనే గ్రీకు కుర్రాడు. అతని సమయం 2 గంటల 58 నిమిషాల 50 సెకన్లు. అప్పటి దూరం సుమారు 40 కిలోమీటర్లే. ఇప్పటి దూరం 1908 లండన్ ఒలింపిక్స్‌లో వచ్చింది, 1921లో ఖాయమైంది. ఆ కుర్రాడికి గ్రీకు దేశమంతా నీరాజనం పట్టింది. సరిగ్గా 108 ఏళ్ళ తర్వాత, 2004లో, కెనడాలోని టొరంటోలో ఒకాయన అతనికన్నా రెండు కిలోమీటర్లు ఎక్కువ దూరం, అతనికన్నా నాలుగు నిమిషాలు తక్కువ సమయంలో పరిగెత్తాడు. 2:54:48. ఆయన వయసు 73.

ఆయన పేరు ఎడ్ విట్‌లాక్. నాకు గురువు లాంటివాడు, నేనాయన్ని చూడకపోయినా. పుట్టింది ఇంగ్లండులో, మైనింగ్ ఇంజినీరుగా కెనడా వెళ్ళాడు. కుర్రతనంలో పరిగెత్తేవాడు. ఉద్యోగంలో పడి మానేసి, నలభైల్లో మళ్ళీ మొదలుపెట్టాడు. 48 ఏళ్ళప్పుడు మారథాన్ 2:31:23లో పరిగెత్తాడు, జీవితంలో ఆయన ఉత్తమ సమయం అదే. అంటే అసలే మామూలు మనిషి కాదు. కాళ్ళూ ఊపిరీ దేవుడిచ్చినవి. అది దాచి "ఎవరైనా చెయ్యొచ్చు" అని చెప్పడం నాకు నచ్చదు.

నేను ఆయన్ని పట్టుకున్నది రికార్డుల కోసం కాదు, ఒక ఓటమి కోసం. 70 దాటినవాళ్ళెవరూ 3 గంటల లోపు మారథాన్ పరిగెత్తని రోజులవి. 69 ఏళ్ళప్పుడు ఆయన 2:52:47 పరిగెత్తేశాడు. ఇంకేముంది, వచ్చే ఏడాది పుట్టినరోజు దాటితే చాలనుకుంటాం కదా. 2001లో 70 ఏళ్ళ వయసులో పరిగెత్తితే 3 గంటల 0 నిమిషాల 24 సెకన్లు వచ్చింది. ఇరవై నాలుగు సెకన్లు! షూ లేసు ఊడితే కట్టుకునే సమయం. ఆ తర్వాత మోకాలు మొరాయించింది. చివరికి 2003లో, 72 ఏళ్ళకి, 2:59:10తో ఆ గీత దాటాడు. 70 దాటి మూడు గంటల లోపు వచ్చిన మొదటి మనిషి. మరుసటి ఏడాదిదే ఇందాక చెప్పిన 2:54:48. ఆ సమయాన్ని 2022లో 71 ఏళ్ళ డచ్చాయన ఒకరు అర నిమిషం లోపు తేడాతో దాటారు.

ఆయన సాధన ఎక్కడనుకున్నారు? టొరంటో దగ్గర మిల్టన్ అనే ఊళ్ళో, ఇంటి పక్కనున్న శ్మశానంలో. మన దగ్గరైతే దయ్యం పట్టిందని భూతవైద్యుణ్ణి పిలుస్తారు. అక్కడ సమాధుల మధ్య చెట్లున్న చిన్న దారి ఉంది, కార్లు రావు. దాని చుట్టూ తిరగడమే, రెండు గంటలు, ఒక్కోసారి మూడు గంటలు. ఎన్ని చుట్లో లెక్కపెట్టేవాడు కాదు, గడియారం చూసుకునేవాడు, అంతే. మెల్లగా. మూడు గంటల లోపు మారథాన్ పరిగెత్తేవాడు రోజూ చేసే పరుగు చూస్తే, ఈయనేం చేస్తాడులే అనుకునేంత మెల్లగా. కోచ్ లేడు, ప్రత్యేకమైన తిండి లేదు, కండలు సాగదీసే వ్యాయామాలు లేవు. షూసు పదిహేనేళ్ళ నాటివి. షూసు విషయంలో ఆయన్ని అనుకరించి నేను మడమ నొప్పి తెచ్చుకున్నాను, మీరా పని చెయ్యకండి.

ఇప్పుడు నా సంగతి.

రిటైరయ్యాక, మొదటి ఫుల్ మారథాన్ హైదరాబాదులో పరిగెత్తాను. దానికి ముందు డాక్టరు గారు ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించారు. బీపీకి మాత్ర వాడుతున్నాను, అది ఆయనకి తెలుసు. ఈ ఒక్క విషయంలో ఎవరూ వీరత్వం చూపించకండి. హైదరాబాద్ మారథాన్ ఆగస్టులో జరుగుతుంది. నెక్లెస్ రోడ్డులో పీపుల్స్ ప్లాజా దగ్గర మొదలై గచ్చిబౌలిలో ముగుస్తుంది. ఎండ పెద్దగా ఉండదు గానీ గాలిలో తడి. మధ్యలో ఫ్లైఓవర్లు ఎన్నున్నాయో! మనం వైజాగు వాళ్ళం, ఎత్తుపల్లాలు కొత్తా అనుకున్నాను. మొదటి పది కిలోమీటర్లు కుర్రాళ్ళతో సమానంగా ఎగిరాను. 30వ కిలోమీటరు దగ్గర కాళ్ళు నావి కావు. ఎవరో విప్పి పట్టుకెళ్ళిపోయినట్టుంది.

క్లాసులో శక్తి నిత్యత్వ నియమం చెప్పినవాణ్ణి నేను. శరీరంలో కండరాల్లో, కాలేయంలో దాచుకున్న పిండిపదార్థం, గ్లైకోజెన్ అంటారు, సుమారు 2,000 కేలరీలకి సరిపడా ఉంటుంది. పరుగుకి అయ్యే ఖర్చు కిలో బరువుకి, కిలోమీటరుకి ఇంచుమించు ఒక కేలరీ. నేను 66 కిలోలు. 42తో గుణిస్తే 2,770 దాటుతుంది. లోటు కళ్ళ ముందే ఉంది! ఆ లోటుని కొవ్వు పూడ్చాలి, కానీ కొవ్వు మెల్లగా కాలే కట్టె. వేగంగా వెళ్ళేకొద్దీ శరీరం పిండిపదార్థాన్నే ఎక్కువ అడుగుతుంది. మొదట్లో ఎగిరినవాడు ముందే జేబు ఖాళీ చేసుకుంటాడు. 5 గంటల 7 నిమిషాలకి గచ్చిబౌలి చేరాను. చివరి పన్నెండు కిలోమీటర్లు మీలాగే నడిచాను, మీ అంత అందంగా కాదు.

అప్పుడు పట్టింది పట్టుదల. కుర్రాళ్ళ ప్రోగ్రాం ఒకటి సంపాదించి మొదలుపెట్టాను. మంగళవారం వేగం, గురువారం మెట్ట, ఆదివారం 30 కిలోమీటర్లు. ఆర్నెల్లలో పిక్క పట్టేసింది, మడమ పోయింది, నిద్ర పోయింది. మా ఆవిడ ఇంట్లో ఉన్న నొప్పి మందులన్నీ తీసి బల్ల మీద వరసగా పెట్టింది, మాట మాట్లాడకుండా. ఇరవై ఒక్క రకం.

ఇక్కడే నాకు అర్థమైన ఒకే ఒక్క విషయం చెప్తాను. మిగతాదంతా మీరు మర్చిపోయినా పర్వాలేదు. వయసుతో వేగం తగ్గుతుందని అందరూ అంటారు. నిజమే, ఒంట్లోకి ఆక్సిజన్ తీసుకుని వాడుకునే సామర్థ్యం ముప్పై దాటాక పదేళ్ళకి సుమారు పది శాతం తగ్గుతుంది. సాధన వదలనివాళ్ళలో తరుగు ఇంకా తక్కువ. కానీ దానికన్నా ముందు తగ్గేది కోలుకునే శక్తి. అరవైలో కూడా ఒకరోజు నేను కుర్రాడిలా పరిగెత్తగలను. రెండోరోజు పరిగెత్తలేను. మూడోరోజు కూడా పరిగెత్తలేను. ఆ మూడోరోజు పరిగెత్తడమే నా తప్పంతా.

మరి వారంలో ఏడు రోజులే ఉన్నాయి. లాంగ్ రన్, వేగప్పరుగు, మెట్ట పరుగు, వాటి మధ్య రెండేసి రోజుల విరామం, ఏడింటిలో ఎలా పడతాయి? పట్టవు. చాలాకాలం ఈ లెక్కతో కొట్టుకున్నాను. ఒకరోజు బీచిలో కూర్చుని ఉండగా తట్టింది, అసలు వారం నాకెందుకు? వారం అనేది ఉద్యోగస్థుల లెక్క. ఆదివారం లాంగ్ రన్ చేసేది ఆదివారం సెలవు కాబట్టి. నాకు అన్నీ ఆదివారాలే! ఆ రోజునుంచి వారాన్ని వదిలేశాను. తొమ్మిది రోజుల ఆవృత్తం. ఒక లాంగ్ రన్, ఒక వేగప్పరుగు, ఒక ఎక్కుడు, అంటే ఇక్కడి నుంచి తెన్నేటి పార్కు వైపు. మిగతా రోజులు మెల్లగా, పక్కవాడితో రాజకీయాలు మాట్లాడుకునేంత మెల్లగా, లేదా పూర్తిగా సెలవు. కుర్రాళ్ళకి దొరకని ఆస్తి ఇది. వాళ్ళకి ఊపిరితిత్తులున్నాయి, మనకి సోమవారాలున్నాయి.

తిండి గురించి పెద్దగా చెప్పను. పొద్దున్నే పరుగయ్యాక అరగంటలో ఏదో ఒకటి పడాలి, నాకైతే రెండు గుడ్లు, పెరుగన్నం. ఈ వయసులో కండ దానంతటదే కరుగుతుంది, మాంసకృత్తులు తగ్గించకండి. పరుగులో ఖర్జూరం, బెల్లం వేసిన నిమ్మనీళ్ళు. జెల్స్ అని అమ్ముతారు, అవీ మంచివే, జేబుకి తప్ప. దాహం వేసే సూచన వయసుతో మొద్దుబారుతుంది కాబట్టి నీళ్ళు మర్చిపోకూడదు. అలాగని లీటర్ల కొద్దీ వట్టి నీళ్ళు పట్టించినా ప్రమాదమే, రక్తంలో ఉప్పు పలచబడుతుంది.

అలా 4:38, తర్వాత 4:21. ఈ జనవరిలో ముంబయి వెళ్ళాను, సబ్ ఫోర్ కోసమే.

తెల్లవారకముందే మొదలు. చేతికి జీపీఎస్ వాచీ, దాంట్లో సగటు 5:41 కనబడేలా పెట్టుకున్నాను. ఈసారి ఎగరలేదు. గాలి, సముద్రం, చీకటి, నా ముందు వేలమంది వీపులు. మధ్యలో ఖాళీ ఎక్కడ కనబడితే అక్కడికి దూరుతూ కుడికీ ఎడమకీ వెళ్తున్నాను. వాచీ "10" అని మోగింది. పదో కిలోమీటరు బోర్డు మాత్రం ఇంకా నూరు మీటర్ల అవతల ఉంది. బోర్డు తప్పు పెట్టారులే అనుకున్నాను. 20 దగ్గర తేడా రెండువందలు దాటింది. బోర్డే తప్పు. 30 దగ్గర మూడువందలకి పైన. చూడండి నా అహంకారం! పెద్దర్ రోడ్డు ఎక్కుడు కూడా ఆగకుండా ఎక్కేశాను. ముంబయి జనం రోడ్డు పక్కన నిలబడి అరటిపళ్ళు, బిస్కట్లు ఇస్తూ "అంకుల్, అంకుల్" అని అరుస్తున్నారు. వాచీలో 5:41 కదల్లేదు. చివర్లో వాచీ 42.195 చూపించినప్పుడు సమయం 3:59:57. రెండు చేతులూ పైకెత్తాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ముగింపు గీత ఇంకా 475 మీటర్ల అవతల ఉంది.

నవ్వండి, పర్వాలేదు. నేనూ ఇప్పుడు నవ్వుతున్నాను. ఆ 475 మీటర్లకీ 163 సెకన్లు పట్టింది. సమయం 4:02:40. నూట అరవై సెకన్లు తప్పిపోయింది.

ఫస్టియర్ పిల్లలకి నేను చెప్పే తొలి పాఠాల్లోదే ప్రమాణాలు, కొలత. అందులో దోషాలు రెండు రకాలు, యాదృచ్ఛిక దోషం, క్రమ దోషం. తేడా ప్రతి పది కిలోమీటర్లకీ ఒకే వైపు, ఒకే లెక్కన పెరుగుతుంటే అది క్రమ దోషమని పదహారేళ్ళ పిల్లాడు చెప్తాడు. నేను బోర్డుని అనుమానించాను. నిజానికి మారథాన్ దారిని కొలిచేది ఎలాగో తెలుసా? చక్రానికి మీటరు బిగించిన సైకిలు మీద, ప్రతి మలుపునీ లోపలి అంచుకి 30 సెంటీమీటర్ల దూరంలో, వీలైనంత దగ్గరదారిన తొక్కుతూ కొలుస్తారు. పొరపాటున తక్కువ రాకూడదని కిలోమీటరుకి ఒక మీటరు అదనంగా కలుపుతారు. అంటే 42.195 అనేది ఆ దగ్గరదారి పొడవు. మనుషుల మధ్య దూరుతూ, మలుపుల్లో బయటి అంచున తిరిగేవాడు అంతకన్నా ఎక్కువే పరిగెత్తుతాడు. వాచీ ప్రకారం నేను 42.67 పరిగెత్తాను. ఆకాశహర్మ్యాల మధ్య జీపీఎస్ కూడా కొంత తడబడుతుంది, కాబట్టి అదంతా నా వంకర నడకేనని చెప్పలేను. ఏదైతేనేం, మన ఆటోవాళ్ళకి పుట్టుకతో తెలిసిన విద్య నాకు 63 ఏళ్ళకి తెలిసింది. మలుపు కొయ్యాలి!

వయసంటే గుర్తొచ్చింది. సర్టిఫికెట్ ప్రకారం నాకు 63. మా అమ్మ లెక్కలో 65. బళ్ళో వేసిన మాస్టారు జూలై 1 అని, రెండేళ్ళు తగ్గించి రాశారు. మీలో సగంమంది జూలై 1నో జూన్ 1నో పుట్టినవాళ్ళే కదా! ఉద్యోగంలో అది రెండేళ్ళు కలిసొచ్చింది. ఇప్పుడు నష్టం. అమెరికాలో బోస్టన్ మారథాన్‌కి వయసుని బట్టి అర్హత సమయం ఉంటుంది. మగవాళ్ళకి 60 నుంచి 64 వరకు 3:50, 65 దాటితే 4:05. అమ్మ మాట చెల్లితే నా 4:02:40 అర్హతే! అయినా అక్కడో మెలిక ఉంది, అర్హులు ఎక్కువైతే ఇంకా వేగంగా ఉన్నవాళ్ళనే తీసుకుంటారు. 2025లో 6 నిమిషాల 51 సెకన్లు అదనంగా వేగం కావాల్సొచ్చింది. పంజాబుకి చెందిన ఫౌజా సింగ్ గారిదీ ఇదే బాధ. పాస్‌పోర్టులో 1911 అని ఉంది, 2011లో టొరంటో మారథాన్ 8:11:06లో పూర్తిచేశారు. అప్పటి జనన ధ్రువీకరణ పత్రం లేదని గిన్నిస్ వాళ్ళు నూరేళ్ళ రికార్డు ఇవ్వలేదు. 1911లో పల్లెటూళ్ళో ఎవరిస్తారండీ పత్రం? ఆ మహానుభావుడు నిరుడు, అంటే 2025 జూలైలో, సొంతూరి దగ్గర రోడ్డు దాటుతుంటే బండి గుద్ది పోయారు. బీచ్ రోడ్డు దాటేటప్పుడు మీరు ఆయన్ని గుర్తుచేసుకోండి.

ఏవైనా అడుగుతారా? ఆ, చెప్పండి.

(సభలోంచి: మోకాళ్ళు అరిగిపోవా మాస్టారూ?)

అందరూ అడిగే ప్రశ్నే. 2017లో అప్పటివరకూ వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూసిన ఒక పరిశీలన ఉంది. సరదాగా పరిగెత్తేవాళ్ళలో మోకాలు, తుంటి కీళ్ళ అరుగుదల 3.5 శాతం. కూర్చునే ఉండేవాళ్ళలో 10.2 శాతం. పోటీల స్థాయిలో పరిగెత్తేవాళ్ళలో మాత్రం 13.3 శాతం. మోకాళ్ళు బాగున్నవాళ్ళే పరిగెత్తుతున్నారేమో అనే అనుమానం మిగిలే ఉంటుంది, అది కొట్టెయ్యలేం. ఇప్పటికే అరిగినవాళ్ళు డాక్టర్ని అడక్కుండా నా వెనక రావద్దు. ఇంకోటి, పరుగుకి ముందు నొప్పి మాత్ర వేసుకోవద్దు. చెమటతో ఒంట్లో నీరు తగ్గి ఉన్నప్పుడు అది కిడ్నీల మీద పడుతుంది.

(సభలోంచి: మళ్ళీ ఎప్పుడు?)

వచ్చే జనవరి. ఈసారి వాచీలో 5:41 కాదు, 5:36 పెట్టుకుంటున్నాను. ఆ వంకరంతా కలిపినా 3:59 లోపు పడాలి. 5:36 అంటే ఏమిటో చెప్పనా? 2016 అక్టోబరులో విట్‌లాక్ టొరంటోలో 3:56:34 పరిగెత్తాడు. దాన్ని కిలోమీటర్లకి పంచితే వచ్చేది అదే. ఆయనకప్పుడు 85. మరుసటి మార్చిలో కేన్సర్‌తో పోయాడు. కాబట్టి నన్ను చూసి మరీ అంత ఆశ్చర్యపోకండి.

(సభలోంచి ఒక మహిళ: ఇంట్లో మేడం గారు ఏమంటారండీ?)

ముంబయి నుంచి ఫోన్ చేసి నాలుగు గంటల రెండు నిమిషాల నలభై సెకన్లు అని చెప్తే, "ఏమైనా తిన్నారా?" అంది. అంతే. తర్వాత ఫోటోలు వచ్చాయి. నేను చేతులెత్తి ఏడుస్తున్న ఫోటో ఉంది చూశారూ, అది ఆవిడే డబ్బు కట్టి తెప్పించి, ఫ్రేము కట్టించి హాల్లో పెట్టింది. వచ్చినవాళ్ళంతా "గెలుపు గీత దగ్గరా అండీ?" అని అడుగుతారు. అప్పుడావిడ వంటింట్లోంచి వచ్చి, నా భుజం వెనక కొంచెం మసగ్గా కనబడే బోర్డు మీద వేలు పెట్టి చూపిస్తుంది. దాని మీద "500 మీటర్లు" అని ఉంటుంది.